పిచ్చుక ఎక్కిన బల్ల

నేను ఒక తూగుడు బల్లని. పార్కుల్లో పిల్లలు ఎక్కే రకం కాదు, కుక్కలు నడిచే రకం. కంచరపాలెంలో ఒక వడ్రంగి నన్ను చిత్రిక పట్టి, నడుముకు ఇనుప గొట్టం బిగించి, రెండు కొసలకూ పసుపు రంగు పూశాడు. "కుక్కలకి ఉయ్యాలేటి!" అని నవ్వుకున్నాడు గానీ పని శ్రద్ధగానే చేశాడు. విశాఖలో కుక్కలకు అడ్డంకుల పరుగు నేర్పే మైదానంలో నన్ను నిలబెట్టారు. కుక్క ఒక కొస నుంచి ఎక్కి నడుము దాటగానే నేను అటు వాలి నేలను ఠపీమని కొడతాను. అప్పుడది దిగాలి. అంతే నా ఉద్యోగం.

నన్ను అందరికన్నా ఎక్కువగా వాడింది వరహాలమ్మ టీచరు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. గొంతు విప్పిందంటే గోడ అవతల కాకులు లేచిపోయేవి. ఆమె మొదటి కుక్క కెప్టెన్, డోబర్‌మన్. వాడికి నా చప్పుడంటే పండగ. నేను నేలకు ఆనకముందే దూకేయబోయేవాడు. "ఆగరా!" అని ఆమె గర్జిస్తే తోకముక్క ఊపుతూ ఆగేవాడు. ఇద్దరూ కలిసి కప్పు గెలిచారు. దాంతో కుక్కలన్నిటికీ మందు ఒకటేనని ఆమెకు నమ్మకం కుదిరింది.

తర్వాత పిచ్చుక వచ్చింది. టపాకాయలకు బెదిరి ఆమె గేటులో దూరిన వీధికుక్క. "వీధికుక్కకి ఆటలేటండీ," అని తోటివాళ్లు నవ్వేసరికి దాన్ని పందెంలో దింపి చూపించాలని టీచరుకు పంతం పుట్టింది. మనుషుల పంతాలు కుక్కల మెడకు చుట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

"ఎక్కవే! అదేమైనా నిన్ను తినేస్తాదేటి?" అని ఆమె అరిచేది. పిచ్చుక కడుపు నేలకానించి వణికేది.

పశువుల డాక్టరు ఫరీదా ఒకనాడు ఉండబట్టలేక అంది: "టీచర్ గారూ, ఇది మొండిది కాదండీ. బల్లకన్నా మీ గొంతుకే ఎక్కువ దడుస్తోంది."

"నా గొంతు ముందునుంచీ ఇంతేనమ్మా. ఈ వయసులో ఏటి మారుస్తాను?"

అయినా ప్రయత్నించింది. కొసల కింద ఇటుకలు పేర్చి, నన్ను బెత్తెడు మాత్రమే కదిలేలా చేసింది. చప్పుడు రాకుండా గోనెసంచి పరిచింది. పెదవులు బిగబట్టుకుని, ఉడికిన గుడ్డు ముక్క చూపిస్తూ నడిపించింది. ఒక్కో ఇటుకా తీసేస్తూ వచ్చింది. పందెం నాటికి పిచ్చుక నన్ను దాటుతోంది, గోనె ఉంటేనే. పందెంలో గోనె పరచనివ్వరు.

ఆ రోజు పిచ్చుక నా నడుము దాకా వచ్చి ఆగిపోయింది. జనం హుషారు చేద్దామని చప్పట్లు మొదలుపెట్టారు. దాని గోళ్లు నా చెక్కలో దిగబడ్డాయి. టీచరు జనం వైపు తిరిగి, "నోర్ముయ్యండర్రా! అది బెదిరిపోతంది!" అని ఒక్క అరుపు అరిచింది.

జనం నోరు మూసుకున్నారు. పిచ్చుక మాత్రం దూకి కుర్చీల కిందికి పారిపోయింది.

వాళ్ల ఆట అయిపోయిందని నిర్ణేత ఈల ఊదాడు. టీచరు పిలవలేదు, వెతకలేదు. వచ్చి నా కింది కొస మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది. కాసేపటికి పిచ్చుక తనంతట తానే వచ్చి ఆమె మోకాలు వాసన చూసింది. ఆమె కదల్లేదు. అది ఆమె పక్కనుంచి నా మీదికెక్కి పై కొస దాకా నడిచింది. టీచరు ఊపిరి బిగబట్టి లేచి, తన వైపు కొసను రెండు చేతులా పట్టుకుని మెల్లగా, మెల్లగా పైకి వదిలింది. జన్మలో మొదటిసారి, కింద గోనె లేకపోయినా, నేను చప్పుడు లేకుండా నేలను తాకాను. పిచ్చుక దిగి వెనక్కి తిరిగి చూసింది.

"మంచిపిల్లవే," అంది టీచరు. పక్కకు వచ్చి నిలబడిన ఫరీదాకు కూడా వినిపించనంత చిన్నగా.

కప్పు రాలేదు. ఆ తర్వాత పిచ్చుకను పందేలకు తేలేదు, ఊరికే ఆడించడానికి తెచ్చేది. కెప్టెన్‌తో కూడా మెల్లగానే మాట్లాడటం మొదలుపెట్టింది. వాడికి మొదట్లో అర్థంకాక ఆమె మొహం కేసి తెల్లబోయి చూసేవాడు. తర్వాత అలవాటుపడ్డాడు.

వానలకు తడిసి నాకు పగులు పడింది. నా స్థానంలోకి అల్యూమినియం బల్ల వచ్చింది. నన్ను గోడ పక్కన రాళ్ల మీద పరిచి, మనుషులు కూర్చునే బెంచీ చేశారు. కొత్తగా కుక్కల్ని తెచ్చేవాళ్లు నా మీద కూర్చుని, "మా కుక్క అసలు మాట వినదండీ," అని ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. వాళ్ల పాదాల దగ్గర ఆ కుక్క చెవులు రిక్కించి, వాళ్ల మొహంలోకే చూస్తూ, వింటూనే ఉంటుంది.