అతకని పడుగు

రామలక్ష్మమ్మ పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు నిలువు పోగులను ఒక్కొక్కటే మెలిపెడుతోంది. ధర్మవరం మగ్గాల వీధిలో ఇది ఆడవాళ్ల పని. పోగులన్నీ అతికాక కొత్త పడుగు మగ్గానికి ఎక్కుతుంది. ఎక్కిందంటే, నెలలు పట్టినా, ఆ పడుగు మీది నాలుగు చీరలూ ఒక్క నేతగాడే దించాలి. నడుమలో చెయ్యి మారితే పేకను కొట్టే దెబ్బ మారుతుంది, పట్టు మీద గీత పడుతుంది. పెళ్లిచీరల్లో ఆ గీతను ఎవరూ ఒప్పుకోరు.

వానలు లేక పెళ్లిళ్లే తగ్గిన ఏడు అది. ఈ పడుగు మీద నేయాల్సిన బెళుగుప్ప రెడ్ల ఇంటి చీరలు దొరకడమే గొప్ప.

తండ్రి ఈశ్వరప్ప గోడకానుకుని కూర్చున్నాడు. బెంగళూరు పెద్దాసుపత్రిలో కడుపు కోయించుకుని, కుట్లు విప్పించుకుని మొన్ననే వచ్చాడు. గడ్డ పోయింది, బతికి బట్టకట్టానని ఆయన నమ్మకం. చూడవచ్చిన వాళ్లందరికీ చొక్కా ఎత్తి కుట్ల గీత చూపిస్తున్నాడు.

ఎదురింటి నరసింహప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏమప్పా ఈశ్వరన్నా, అంత పొడుగు కోసినారే, లోపల ఏం దొరికె? సంగటి ముద్దేనా?"

"నీ మాదిరి ఉత్త గాలి మాత్రం లేదులేరా. నీ మగ్గమెట్లుండాది?"

"ఖాళీ. సాలెపురుగు దూరింది. నాకంటే అదే బాగా నేస్తాండాది."

ఈశ్వరప్ప నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.

"అయితే అన్నా, గడ్డ నీకు చూపించినారా? మా బామ్మర్దికి పేగు కోసి సీసాలో పెట్టి చూపించినారు. ఎవురికైనా చూపిస్తారంట."

"నాకు మత్తు కదప్పా. పాపకు చూపించింటారు. ఏం పాపా?"

"చూపించినారు నాయనా," అంది రామలక్ష్మమ్మ తలెత్తకుండా.

"ఎంతుండె?"

"నిమ్మకాయంత."

ఆమెకు ఎవరూ ఏమీ చూపించలేదు. కడుపు కోసిన రోజు తెలుగు తెలిసిన డాక్టరమ్మ ఆమెను వరండాలోకి పిలిచింది. కడుపు తెరిచి చూస్తే కాలేయం మీదా, పేగుల మీద పొరలోనూ రవ్వ చల్లినట్టు పాకి ఉందనీ, ముట్టుకోకుండా కుట్టేశామనీ చెప్పింది. ఎందుకు పాకిందని రామలక్ష్మమ్మ అడిగింది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే రాత ఉంటుందట. కడుపు కణంలో కడుపుకు కావలసింది మాత్రమే మేలుకుంటుంది, మిగతాది నిద్రపోతుంది. ఈ గడ్డలో నిద్రపోవలసినవి లేచాయి, కాపలా ఉండవలసినవి పడుకున్నాయి. అందుకే ఆ కణాలు ఉన్నచోట ఉండవు. "ఎందుకు లేచాయో మేమూ ఇప్పుడిప్పుడే వెతుకుతున్నామమ్మా," అంది.

రామలక్ష్మమ్మకు మగ్గం పైన వేలాడే, చీరలో పువ్వులు తేల్చే జాకార్డు అట్టలు గుర్తొచ్చాయి. పోగులన్నీ కిందే ఉంటాయి. అట్టలో బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. బొక్కలు తప్పుగా పడితే అంచులో ఉండవలసిన పువ్వు చీరంతా పాకుతుంది. అట్టనైతే మార్చుకోవచ్చు.

ఇంటికి రాగానే తల్లి తిప్పమ్మ ఆమెను దొడ్లోకి లాక్కెళ్లి, గడ్డ మాట నాయనకు చెప్పనని ఒట్టు వేయించుకుంది.

నరసింహప్ప వెళ్లిపోయాడు. ఈశ్వరప్ప మెల్లగా లేచి మగ్గం దగ్గరికొచ్చాడు. అతికిన పోగుల మీద అరచెయ్యి వేసి చూశాడు.

"పొద్దున కూర్చున్నావు. మధ్యాన్నమైంది. జానెడు కూడా అతకలేదే?"

"పోగులు తెగుతాండాయి."

"నీ చేతిలో పోగు తెగడం నేనెప్పుడూ చూడలేదు పాపా."

ఆమె వేళ్లు ఒక పోగు మీద ఆగిపోయాయి. ఆయన పోగుల మీంచి తన చెయ్యి తీయలేదు.

"నిమ్మకాయంత అంటివి."

"ఊఁ."

"సరే. ఇది చెప్పు. అతకమంటావా, ఆపమంటావా?"

గడ్డ మాట చెప్పనని ఒట్టు ఉంది. పడుగు మాట మీద ఎవరికీ ఒట్టు వేయలేదు. రామలక్ష్మమ్మ బూడిద చిప్పను పక్కకు జరిపింది.

"ఆపుదాం నాయనా."

ఈశ్వరప్ప కూతురి ముఖం వంక చూశాడు. తర్వాత కత్తెర తీసుకుని, ఆమె అతికిన కొద్దిమేరా మెలి దగ్గర ఒక్కో పోగే, పట్టు పాడవకుండా కత్తిరించాడు. పడుగును బిగువు తప్పకుండా చుట్టాడు. ఆయన దాన్ని ఎత్తబోతే, తాను మోస్తానని రామలక్ష్మమ్మ లేవబోయింది. వద్దన్నట్టు చెయ్యి చూపించాడు.

పడుగును భుజానికెత్తుకుని చెప్పులేసుకున్నాడు. గడప దాటి, నరసింహప్ప ఇంటివైపు వీధి దాటాడు.