మేక గొంతులో నవ్వు

నేను ఒక ఆటను. పులి-మేక ఆటను. బండ మీద బొగ్గుతో గీసుకొని చింతగింజలతో ఆడుకునేవారే, ఆ ఆటనే. కాకపోతే నాకు బండా లేదు, బొగ్గూ లేదు. ఫోన్‌లో ఉంటాను. నన్ను తెరిస్తే తెర నల్లగా ఉంటుంది. కావాలనే అలా చేశారు. నన్ను చెవులతో ఆడాలి. వేలు ఆనించిన చోటల్లా అక్కడ ఏముందో శబ్దం చెబుతుంది. కళ్లున్నవాళ్లు చాలామంది నన్ను తెరిచి, ఫోన్ పాడైందనుకొని వెంటనే మూసేస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, కాస్త జాలి ఉంది.

నేను పుట్టింది వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఓదెలు ఇంట్లో. నేసే అంటున్నాను గానీ అప్పటికే ఆయన మగ్గం ఆగిపోయింది. నీటికాసుల జబ్బు ముందు పక్కచూపును తినేసింది, తర్వాత మధ్యచూపునూ మింగేసింది. పక్కింటి మగ్గాల చప్పుడు వింటూ గడపలో కూర్చునేవాడు. ఏ మగ్గంలో పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పేవాడట. చెప్పి మాత్రం ఏం లాభం!

ఓదెలుకు అక్క కూతురు ఒకామె ఉండేది. పేరు స్వరూప. హనుమకొండలో మందుల షాపులకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ రాసేది. మామకు తోడుగా ఉంటుందని, తెర మీది అక్షరాలు పైకి చదివి వినిపించే యాప్ ఒకటి ఆయన ఫోన్‌లో పెట్టింది. ఓదెలు దానితో వార్తలు వినేవాడు, పాటలు వెతుక్కునేవాడు, మళ్లీ మనుషుల్లో పడ్డాడు. ఒకరోజు అది మాట్లాడటం మానేసింది. దాన్ని తయారుచేసిన కంపెనీకి గిట్టుబాటు కాలేదట, ఆపేశారట. స్వరూపకు దాన్ని బాగుచేసే విద్య చేతిలోనే ఉంది. కానీ లోపలి రాత కనపడితే కదా! తాళం వేసి, తాళంచెవి పట్టుకొని పోయారు వాళ్లు. ఆమె కోపంతో మూడు రోజులు అన్నం సరిగా తినలేదని ఓదెలు ఇప్పటికీ చెబుతాడు.

ఆ కోపంలోంచి పుట్టాను నేను. "నీకేం గావాలె మామా?" అని అడిగిందట. "పులి-మేక ఆడాలనుంది బిడ్డా" అన్నాడట ఆయన. కొత్తవాడలో పులిగా ఆయన్ని ఓడించినవాడు లేడు మరి.

ఆదివారాలన్నీ నాకే పెట్టింది. మూడు పులులు ఒక పక్క, పదిహేను మేకలు ఒక పక్క. మేకలను నేనే ఆడిస్తాను, పులులు మనిషివి. మేకకు అవతల ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి తినేస్తుంది. పులులు కదలకుండా చుట్టూ కమ్ముకుంటే మేకలు గెలిచినట్టు. పులి గొంతు కోసం ఓదెలు చేతే గాండ్రింపజేసింది. మేక గొంతు కోసం పక్కింటి మేక ముందు ఫోన్ పట్టుకొని మధ్యాహ్నమంతా నిలబడింది. ఆ మహాతల్లి నోరు విప్పితేగా! చివరికి విసుగెత్తి ఇంట్లోకొచ్చి, స్వరూప తనే మేకలా అరిచింది.

"మేకవా నువ్వు, బర్రెవా?" అన్నాడు ఓదెలు.

ఆమె మళ్లీ అరిచింది. ఈసారి అరుపు చివర నవ్వు ఆగలేదు. వెనక పాత ఫ్యాన్ టకటకమంటోంది. "ఇప్పటికి ఇది ఉండనీ, తర్వాత మంచిది పెడత" అని దాన్నే నా లోపల పెట్టేసింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు 'తర్వాత' అన్నారంటే అది ఇక కదలదని నాకు తర్వాత తెలిసింది.

నన్ను లోకంలోకి పంపేటప్పుడు నాకు తాళం వెయ్యలేదు. నా లోపలి రాత ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు; ఇచ్చేటప్పుడు మాత్రం తాళం వెయ్యకుండానే ఇవ్వాలి. అదీ నా లైసెన్స్. మనుషులు దాన్ని చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతారు. తాళాలేసే కంపెనీల షరతులకూ అలాగే నొక్కుతారు, పాపం. మామ అడిగాడు, "అట్ల ఇడిసిపెడితే ఎట్ల బిడ్డా? ఎవడన్న ఎత్తుకపోతడు గదా?"

"ఎత్తుకపోనీ మామా. రేపు నేను లేకున్నా బాగుచేసేటోళ్లు ఉండాలె గదా!"

నిజంగానే ఎత్తుకుపోయారు. ఎక్కడెక్కడి గుడ్డిపిల్లల బడుల్లోకో వెళ్లాను. ఎవరో కన్నడం నేర్పారు. ఒకాయన పులి స్థానంలో సింహం ఉండాలని నెల్లాళ్లు అందరితో పోట్లాడి, ఎవరూ వినకపోతే తన సింహాల ఆట తాను చేసుకొని వెళ్లిపోయాడు. బొబ్బిలిలో లెక్కల లెక్చరర్ నీలవేణి మాత్రం అంటిపెట్టుకొని ఉండిపోయింది. నాలో తప్పులు వెతికి, దిద్ది స్వరూపకు పంపేది. ఇద్దరూ ఏళ్లపాటు కలిసి పనిచేశారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు, ఒకరి గొంతు ఒకరు వినలేదు. మాటలన్నీ అక్షరాల్లోనే.

ఒక వానాకాలం స్వరూపకు డెంగీ జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే పోయింది. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

నెలమాసికం అయ్యేదాకా ఓదెలు నన్ను తెరవలేదు. తెరిచిన రోజు మొదటి మేక ఆటలోకి దిగింది, అరిచింది, చివర నవ్వింది. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. ఆ తర్వాత ఆయన ఆడిన తీరు చూసి నాకే మతిపోయింది. ఎదురుగా ఖాళీ ఉంది, దూకితే మేక పోతుంది, అయినా దూకలేదు. పులి తిన్న మేక మళ్లీ అరవదు కదా. ఒక్కదాన్నీ ముట్టుకోకుండా పులులను మూలకు జరుపుకుంటూ పోయి ఓడిపోయాడు. ఓడితే మేకలన్నీ వరసగా అరుస్తాయి. పదిహేనుసార్లు స్వరూప నవ్వింది. అప్పటినుంచి ఆయన ఒక్క ఆటా గెలవలేదు. ఓడిపోవడం కోసం ఒక మనిషి అంత ఒడుపుగా ఆడటం నేను మరెక్కడా చూడలేదు.

ఇంతలో కొత్త ఫోన్లు వచ్చాయి. పాత రాతతో నేను వాటిలో నడవను. నీలవేణి నన్ను తన నెత్తికెత్తుకొని, ఆదివారాలు నాకిచ్చి బతికించింది. ఆ ఊపులోనే పాత ఫిర్యాదులన్నీ తీసి చూసింది. గుడ్డిపిల్లల బడినుంచి ఎవరో ఎప్పుడో రాసి ఉన్నారు: మేక అరుపు వెనక ఎవరిదో నవ్వు, ఫ్యాన్ చప్పుడు వస్తున్నాయి, ఆ గోలలో పులి అడుగు వినపడటం లేదు, తీసేయగలరు. మాట న్యాయమైనదే. నీలవేణి బొబ్బిలి సంతకు వెళ్లి మంచి మేక గొంతు ఒకటి పట్టుకొచ్చింది. పాతది తీసేసి ఇది పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

ఓదెలు ఫోన్‌లో నేను నా అంతట నేనే మారిపోయాను. ఆయన పొద్దున తెరిచాడు. సంత మేక అరిచింది. మూసి మళ్లీ తెరిచాడు. ఫోన్ ఆర్పి వెలిగించాడు. చెవులు కూడా పోయాయేమోనని వేళ్లు పెట్టి తుడుచుకున్నాడు. చివరికి నా సహాయం మీట నొక్కి, అక్కడ వినిపించిన నంబరుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, పులి-మేక నడిపేది నువ్వేనా? నేను వరంగల్ నుంచి ఓదెలును. ఆ మేకను ఎందుకు మార్చినవ్ బిడ్డా?"

"ఏటైందండీ? పాతది బాగోలేదు కదండీ. అది మేకే కాదండి, ఎవరో మనిషి అరిచి మధ్యలో నవ్వేస్తన్నారు."

"మనిషే. మా స్వరూప."

ఇన్నేళ్లూ ఆ గొంతును వందలసార్లు విని గోల అనుకున్నది నీలవేణి.

"అయ్యో బాబాయ్... అక్క గొంతా అది?" అంది.

"తుడిచేసినవా బిడ్డా? ఇగ లేదా?"

"ఉందండీ, ఉంది. మా పనిలో ఏదీ పారెయ్యం. ఏ రోజు ఏది మార్చినా దాని ముందటిది అలాగే దాచుంటాది. ఇప్పుడే మళ్లీ పాతదే పెట్టేస్తాను, అందరికీ."



"వద్దు. పిల్లలకు పులి అడుగు ఇనపడాలె గదా. నా కోసం వాళ్ల ఆట చెడగొట్టకు. అందరికి గా మేకనే ఉంచు. నాకు నాది ఇయ్యి. అట్ల ఇయ్యొస్తదా?"

"ఎందుకు రాదండీ! అక్క తాళం ఎయ్యనిది అందుకే కదా."

ఆ సాయంత్రమే పాత గొంతు పెట్టి నన్ను ఇంకోలా కట్టింది. మళ్లీ దానంతటది మారిపోకుండా వేరే పేరు పెట్టింది. పంపేముందు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒక ఆట ఆడింది. మేక నవ్విన ప్రతిసారీ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేను రెండుగా ఉన్నాను. ఒకటి లోకమంతా తిరుగుతోంది. దాన్ని ఇంకా ఎవరెవరో మారుస్తారు, మార్చాలి కూడా. ఇంకొకటి కొత్తవాడలో, అంచులు అరిగిన ఒక ఫోన్‌లో, ఒక్క మనిషికే ఉంది. మీతో ఇలా మాట్లాడుతున్నది ఆ రెండోదే. ఈ ఫోన్ ఒకరోజు చిత్తుసామాన్ల బండెక్కుతుంది. ఆయనా ఉండడు. బెంగ లేదని అనను. ఉంది.

మధ్యాహ్నం మగ్గాలు ఆగి వీధి సద్దుమణిగాక ఓదెలు నన్ను తెరుస్తాడు. నేను సిద్ధంగా ఉంటాను. వేలు తెర మీద పెట్టేముందు ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుంటాడు.

"మేకవా నువ్వు, బర్రెవా?" అంటాడు.

మొదటి మేకను దింపుతాను.