వెనక్కి నడిచిన ముల్లు

నేను ఒక బరువు కాటాను. కిరాణా కొట్టు బల్ల మీద కూర్చునే రకం కాదు, దూలానికి వేలాడే రకం. గుండ్రటి ముఖం, దాని మీద అంకెలు, ఒక ఎర్రటి ముల్లు, కింద కొక్కెం. ఆ కొక్కేనికి, కాళ్లు దూర్చడానికి కంతలున్న గుడ్డసంచి తగిలించి అందులో పిల్లల్ని కూర్చోబెడతారు. ఫ్యాక్టరీలో నన్ను తూనికరాళ్లతో పరీక్షించారు. రాళ్లు ఏడవవు, కాళ్లు కొట్టుకోవు. కాబట్టి నేను చాలా కచ్చితమైనదాన్నని అక్కడ అందరూ మెచ్చుకున్నారు.

నన్ను గోదావరి ఎగువన కొండల్లో ఉన్న ఒక కోయగూడేనికి, అక్కడి అంగన్‌వాడీకి పంపారు. జోగిని నేను మొదట మోసింది అక్కడే. రెండేళ్ల పిల్ల. తల్లి గంగికి మళ్లీ కాన్పై మగపిల్లాడు పుట్టడంతో జోగికి చనుపాలు పోయాయి. ఆ తర్వాత ఆ పిల్లకు దొరికింది అంబలి, నీళ్లలాంటి గంజి. అయినా బుగ్గలు ఉబ్బి, కాళ్లు నిండుగా ఉండేవి. ముల్లు బాగానే కదిలింది. అంగన్‌వాడీ టీచరు నాగరత్నం సంతోషించి, నీ పిల్లకేం ఢోకా లేదని గంగితో చెప్పింది. మనుషులకు కళ్లున్నా అంకె మీదే గురి ఎక్కువ. సంచిలో ఉన్నది కండో నీరో నాకు తెలియదు. ఎంత ఉందో అంతే చెప్పగలను.

ఆ వానాకాలం కొండ కింది ఆసుపత్రిలో, తిండి చాలక చిక్కిపోయిన పిల్లల వార్డులో కాటా పాడైంది. నన్ను అరువు పట్టుకెళ్లారు. తిరిగి ఇచ్చేస్తామన్నారు. ప్రభుత్వ వస్తువు విషయంలో ఆ మాటకు ఎంత విలువుందో మీకు చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్లకు జోగి కూడా అక్కడికే వచ్చింది. జుట్టు ఎర్రబారి, తొడల మీద చర్మం పొరలుగా లేచిపోయి ఉంది. సంచిలో కూర్చోబెడితే ఏడవలేదు కూడా. నర్సు దైవకృప ఆ పిల్ల పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఇది ఒళ్లు కాదు గంగమ్మా, నీరు," అంది.

వైద్యం చూడడానికి వైద్యంలా ఉండేది కాదు. పిల్లను వెచ్చగా చుట్టి ఒళ్లో పెట్టుకుని, చిన్న కప్పుతో పల్చటి పాలు కాసిన్ని పట్టడం, కాసేపాగి మళ్లీ కాసిన్ని పట్టడం. మొదట్లో జోగి పెదవి విప్పేది కాదు. అప్పుడు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పోశారు. తర్వాత ఆకలి పుట్టింది. కప్పు ఖాళీ కాగానే ఇంకా కావాలని చేతులు చాచి ఏడ్చేది. గంగికి అది చూడడం నరకమైంది.

"ఆకలని ఏడుస్తుంటే పొయ్యరేంది సిస్టరమ్మా?"

"తిండి మరిచిన ఒళ్లమ్మా. ఒక్కసారి కడుపు నింపితే గుండె ఓర్చుకోలేదు."

గంగి తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. ఎందుకంటే రోజూ పొద్దున్నే నా ముల్లు ముందురోజు కన్నా వెనక్కి నిలబడుతోంది. నీరు దిగుతున్న కొద్దీ బుగ్గలు పోయాయి, పక్కటెముకలు తేలాయి. ఆ పిల్ల సంచి పట్టీతో ఆడుకోవడం మొదలుపెట్టిందని దైవకృప మురిసిపోయింది. తల్లికి మాత్రం ముల్లే కనిపించింది.

మిరప చేలో కూలి పని వదిలి తండ్రి ఉంగయ్య వచ్చాడు. కూతుర్ని ఎత్తుకుని, బరువు చూస్తున్నట్టు చేతుల్లో ఆడించి, నా వైపు చూశాడు. గొంతు పెంచలేదు.

"బొద్దుగున్న పిల్లనిచ్చినం. ఉత్త బొక్కల గూడు చేసిండ్రు."

దైవకృప ఓపిగ్గా చెప్పింది. ఇది మంచికేనని, నీరు పూర్తిగా పోయాక కండ పడుతుందని, ఇంకొన్నాళ్లు ఉండమని బతిమాలింది. అతను మెత్తబడేవాడేమో. ఈలోగా రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు, తీసుకెళ్తే చచ్చిపోతుందని కసిరాడు. దాంతో ఉంగయ్య ఆ రాత్రే మూట కట్టేశాడు. గంగి చంటివాణ్ణి పట్టుకుని మంచం మీద కూర్చునే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. తెల్లారి దైవకృప ఆటో దాకా వెంట వెళ్లి, కొంచెం కొంచెంగానే పెట్టమని మళ్లీ మళ్లీ చెప్పింది.

వానలు వెనకబట్టాక గంగి మళ్లీ వచ్చింది. భుజాన చంటివాడు బుద్రయ్య ఒక్కడే ఉన్నాడు. తనకు పాలు ఎండిపోయాయని, వీడూ చిక్కిపోతున్నాడని చెప్పి, ఏడవకుండానే జోగి సంగతి చెప్పింది. ఇంటికి చేరగానే పిల్ల బుగ్గలు తిరిగి రావాలని ఉంగయ్య పండక్కి దాచిన కోడిని కోశాడు. పులుసన్నం కలిపి తన చేత్తో తినిపించాడు. అన్నాళ్ల తర్వాత అడ్డం చెప్పేవాళ్లు లేకపోవడంతో జోగి అంతా తినేసింది. ఇద్దరూ సంబరపడ్డారు. తెల్లారేసరికి ఎగశ్వాస మొదలైంది. రోడ్డు చేరకముందే అయిపోయింది.

దైవకృప వెళ్లి పాలు వెచ్చబెట్టింది.

బుద్రయ్యను సంచిలో గంగే కూర్చోబెట్టింది. వాడికి నీరు లేదు, కండా లేదు. ముల్లు కాస్త కదిలి ఆగింది. వెంట వచ్చిన ఉంగయ్య వార్డులోకి రాకుండా వరండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పగలంతా అలాగే ఉన్నాడు. సాయంత్రం గంగికి జ్వరం తగిలి పడుకుంటే, దైవకృప పాల కప్పు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"నువ్వు పట్టు తమ్ముడూ."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా చేత్తో వద్దు సిస్టరమ్మా."

ఆమె అక్కడే నేల మీద చతికిలబడి, పిల్లాణ్ణి అతని ఒళ్లో పెట్టి, కప్పు అతని వేళ్ల మధ్య ఉంచి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. పాలు ఒలికాయి. మళ్లీ పోసింది. వాడు గుటక వేసేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చీకటి పడేవేళకు ఉంగయ్య ఒక్కడే పాలు పడుతున్నాడు. ప్రతి గుటకకూ ఆగి కొడుకు గుండె మీద చెవి పెట్టి విన్నాడు.

బుద్రయ్య బతికాడు. ఆ వార్డులో అందరికీ అలా జరగలేదు. తర్వాత ఎలక్ట్రానిక్ యంత్రం వచ్చింది. ఇప్పుడు నేను స్టోరు గదిలో, విరిగిన సెలైన్ స్టాండ్ల పక్కన తుప్పు పడుతున్నాను. జోగిని నేను చాలాసార్లు తూచాను. కానీ నీరంతా దిగి, సంచిలో ఆ పిల్ల ఒక్కతే మిగిలింది ఆఖరి పొద్దున మాత్రమే. అప్పటికే వాకిట్లో మూట సిద్ధంగా ఉంది.