కువైట్‌లో పుట్టిన అర్షియా

అర్షియాకు ఒంగోలులో నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజు ప్రభుత్వ పథకం కింద రావాలి. కానీ పుట్టిన చోటు కువైట్ అని ఉండడంతో దరఖాస్తు ఆగిపోయింది. ఆమె భారత పౌరురాలేనా అని విచారణ జరగాలన్నారు.

తల్లి బాషాబీ అక్కడ ఇళ్లలో పనిచేసే రోజుల్లో పుట్టిన పిల్ల అది. పుట్టగానే ఎంబసీలో నమోదు చేయించింది. అప్పుడప్పుడే మాటలు వస్తున్న బిడ్డను చంకనేసుకుని మార్కాపురం తిరిగొచ్చింది.

కాలేజీలో చేరే ఆఖరి రోజు పొద్దున రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ రాధాకుమారి విచారణకు వాళ్ల వీధికి వచ్చింది.

"ఎంబసీ కాగితం సరైందేనని పైనుంచి ఖాయమైంది. ఆ బిడ్డ ఈ పిల్లేనని చుట్టాలు కానివాళ్లు చెప్పాలమ్మా."

"నేను చెప్తా మేడం!" ఎదురింటి మాలకొండమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "వచ్చిన రోజే నా చేతికిచ్చింది బాషాబీ. ఒకటే ఏడుపు. మాయి, మాయి అంటాంటే అమ్మను పిలుస్తాందేమో అనుకున్నా. అరబ్బీలో నీళ్లంట! చెంబెడు తాగినాక గానీ ఊరుకోలా."

రాధాకుమారి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో వీధికి ధైర్యం వచ్చింది. "దాన్ని రోజూ బడికాడ దించినోణ్ణి నేనే, నా మాటా రాసుకోండి" అంటూ ఆటో లింగయ్య ముందుకు తోసుకొచ్చాడు.

"అందరూ ఒకేసారి మాట్లాడితే ఎట్ల? ఇద్దరు చాలు!"

వివరాలు ఎక్కించి పంపబోతే సిగ్నల్ లేదు. రాధాకుమారి మిద్దెక్కింది. వెనకే వీధి వీధంతా ఎక్కింది. ట్యాబ్‌ను ఆమె పైకెత్తి పట్టుకుంటే అందరూ ఊపిరి బిగబట్టారు.

"రిపోర్టు పోయింది!" అందామె.

మధ్యాహ్నం అర్షియా ఫోన్ మోగింది. మెసేజ్ రెండుసార్లు చదివింది. ఫోన్ తల్లికి చూపించింది.

"ఏందే? చెప్పవే!"

"మంజూరైంది అమ్మీ! సాయంత్రంలోపల పోయి చేరాల!"

బాషాబీ కూతుర్ని వాటేసుకుని, ఏడుస్తూనే నవ్వుతూ, "చల్ బేటీ, చల్" అని తొందరపెట్టింది. బస్టాండులో దించడానికి లింగయ్య అప్పటికే ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. బట్టలు సర్దుదామని తల్లి లోపలికి పోబోతే, అర్షియా మంచం కింద నుంచి నిండు బ్యాగు లాగింది.

"ఎప్పుడు సర్దినావే?"

"సీటొచ్చిన రోజే!" అంటూ అర్షియా ఆటో వైపు పరుగు తీసింది.