మోతీ ఆట

సకల జనుల సమ్మెతో బస్సులు నిలిచిపోయి, హైదరాబాదు నుంచి రావలసిన న్యాయనిర్ణేత రాలేదు. జగిత్యాల ఫంక్షన్ హాలులో పొమేరేనియన్ కుక్కల పోటీ పెట్టినవారు విశ్రాంత పశువైద్యుడు రామస్వామిని పట్టుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టారు. ఉద్యోగమంతా బర్రెల పొదుగులు చూసిన మనిషే అయినా, ఆ జాతి ప్రమాణాలను శ్రద్ధగా చదివి వచ్చాడు: నక్క మూతి, పొట్టి వీపు, ఉబ్బు లేని పుర్రె.

వచ్చినవి దాదాపు అన్నీ పొమేరేనియన్ పేరుతో అమ్మిన పెద్ద స్పిట్జ్ జాతి కుక్కలు. రైతు రాజమల్లు తెచ్చిందైతే మేకపిల్లంత ఉంది.

"ఇది అసలుది కాదు, రాజమల్లూ."

"ఇగ మా కుక్కకు గూడ ఈడిదేనని ముల్కీ సర్టిఫికెట్ కావాల్నా సార్?"

హాలంతా నవ్వింది. రామస్వామీ నవ్వాడు.

కోరుట్ల నుంచి ఆటోలో వచ్చిన దర్జీ ఫర్హత్ తన మోతీని బల్ల మీద ఉంచింది. ఏడాది నిండినా దోసిట్లో పట్టే తెల్లని కుక్క. మెడలో తావీజు. కోరుట్ల రాస్తారోకోలో డప్పు మోగుతుంటే నడిరోడ్డు మీద గిరగిరా తిరిగి ఆడింది ఇదేనని అందరికీ తెలుసు.

"తల సూడుండ్రి సార్, పున్నమి చందమామ లెక్క ఉన్నది. ఫస్టు అస్తదని మా బిడ్డ ఇరమ్‌కు చెప్పి అచ్చిన. దీన్ని పక్కకు ఏస్కోకుంటె అది నిద్రపోదు."

రామస్వామి వేళ్లు నడినెత్తిన ఆగిపోయాయి. అక్కడ ఎముక కలవలేదు. పసిగుడ్డు మాడులా మెత్తగా ఉంది. కళ్లు రెండూ పక్కలకు జారి ఉన్నాయి.

"ఎప్పుడూ ఒక్క దిక్కే తిరుగుతదా అమ్మా?"

"అవ్ సార్, ఎడమ దిక్కే. దాని ఆట గట్లనే."

"ఆట కాదమ్మా. తలల నీరు చేరింది. గా నీరు మెదడును ఒత్తుతున్నది."

ఆమె ముఖం గట్టిపడింది. "మీరు దేన్నీ నమ్మరని కోరుట్ల దాక ఎరికే సార్. డప్పు కొడితెనే ఆడుతది, ఊకె ఆడదు. కండ్లార సూడుండ్రి."

వాదించడం కన్నా పరీక్షించి చూడటమే ఆయనకు అలవాటు. ఈసారి మాత్రం తానే ఓడిపోవాలని కోరుకుంటూ పరీక్షకు దిగాడు. గేటు బయట సమ్మె శిబిరం నుంచి డప్పు కొట్టే ఒకతన్ని పిలిపించాడు. దరువు మొదలైంది. బల్ల మీంచి కిందికి దించగానే మోతీ తిరిగింది. ఈలలు, చప్పట్లు.

"సూసిండ్రా?" అన్నది ఫర్హత్, ముఖమంతా వెలిగిపోతుండగా.

రామస్వామి చేయి ఎత్తాడు. డప్పు ఆగింది. చప్పట్లూ సద్దుమణిగాయి.

మోతీ ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో దాని గోళ్లు గచ్చు మీద టకటకలాడుతూనే ఉన్నాయి.

ఫర్హత్ కూలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది. అది ఆమె అరచేతికి తల ఆనించి, ఇంకా తిరగబోతూ కాళ్లు కదిపింది.

"మందు లేదా సార్?"

"నయం చేసే మందు లేదమ్మా. బాధ కొంత తగ్గించొచ్చు."

"బస్సులన్న నడిస్తె హైదరాబాద్ తీస్కపోదును..."

బస్సులు నడిచినా అక్కడా ఇదే మాట చెబుతారని ఆయనకు తెలుసు. ఆ ఒక్క ఆశను మాత్రం ఆయన ఆమెకే వదిలేశాడు.

"ఫస్టు దానికే ఇయ్యుండ్రి సార్," అన్నాడు రాజమల్లు మెల్లగా.

ఫర్హత్ వినలేదు. మోతీని చున్నీలో చుట్టుకొని బయటికి నడిచింది. శిబిరంలో కూర్చున్నవారికి ఇంకా ఏమీ తెలియదు.

"ఫర్హతక్కా, మోతీని దించు! ఒక్కపారి ఆడనీ!" అని ఎవరో కేక వేశారు.

వాళ్లను ఆపడానికి బల్ల ముందు నుంచి రామస్వామి లేచేలోపే డప్పులన్నీ ఒక్కసారిగా మోగాయి.