ఏడో పీపాలో మిగిలిన తీపి

జనవరి మూడో వారంలో ఏడో నంబరు పీపా నోరు మూసుకుంది.

పీపా నెత్తిన బిగించిన వంకర గాజు గొట్టంలో చెంచాడు నీళ్ళుంటాయి. లోపల ద్రాక్షరసం పులుస్తున్నంతకాలం ఆ నీళ్ళలోంచి బుడగ తర్వాత బుడగ లేచి బుడుక్కున పగులుతుంది. అక్టోబరు నుంచి ఆ చప్పుడు ఆగలేదు. ఆ ఉదయం గుండూలా పెరటి మెట్లు దిగి నేలమాళిగలోకి వచ్చి, పది నిమిషాలు గొట్టం వంకే చూస్తూ నిలబడింది. ఒక్క బుడగా లేవలేదు. పీపాకి చెవి ఆనించింది. చెంపకి చల్లటి చెక్క తగిలింది, అంతే.

సీసాలో నమూనా పట్టి పట్నంలోని పరీక్షశాలకి తీసుకెళ్ళింది. లీటరుకి పదిహేను గ్రాముల చక్కెర మిగిలిపోయిందన్నారు. తీపి లేని డ్రై వైన్ అనిపించుకోవాలంటే తొమ్మిది దాటకూడదు.

వేరే పీపా అయితే పోనీలే అనుకునేది. జర్మనీలోని ఈ మోసెల్ నది పొడవునా తీపి వైన్‌కి లోటూ లేదు, సిగ్గూ లేదు. కానీ ఇది ఆమె భర్త లోథర్ పోటీకి రాసిన పీపా.

ఎల్లర్‌బాక్ ద్రాక్ష రైతుల సంఘానికి ఒక పాత పద్ధతి ఉంది. నవంబరు పదకొండున, మార్టిన్ పండుగనాడు, డ్రై వైన్ పోటీకి నిలబడే ప్రతి రైతూ తన పీపాల్లో ఒకదాని నంబరు సంఘం పుస్తకంలో స్వహస్తాలతో రాయాలి. రాశాక మార్చడానికి లేదు. మే ఇరవై అయిదున, ద్రాక్ష రైతుల్ని కాపాడే ఉర్బాన్ పండుగనాడు, సంఘం వాళ్ళు ఇంటింటికీ వస్తారు. ఆ పీపాలోంచే తీసి, అక్కడే కొలుస్తారు. డ్రై అయితే మూతకి లక్కముద్ర వేస్తారు. కాకపోతే పుస్తకంలో ఆ పేరు కొట్టేస్తారు. సెప్టెంబరు పోటీలో ముద్ర పడ్డ పీపాలకే చోటు.

లోథర్ మూడుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. తీపి వైన్ ఊళ్ళో పట్టుబట్టి డ్రై వైన్ చేస్తున్నందుకు ఊరు అతనికి పుల్లాయన అని పేరు పెట్టింది. ఈ ఏడు కోత అయ్యాక ఏడో పీపాలో రసం నింపుతూ, "ఇది ఆగదు గుండూలా, చూడు" అన్నాడు. మార్టిన్ పండుగనాడు పుస్తకంలో ఏడు అని రాసి వచ్చాడు. పదకొండు రోజుల తర్వాత కొండవాలు మీది ద్రాక్షతోటలో కొత్త గుంజలు పాతుతూ కాసేపు కూర్చుంటానన్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. అరవై ఒక్క ఏళ్ళు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో వాలు మీద తీగల పని ఆమెది, నేలమాళిగ అతనిది. తీగ కత్తిరించడంలో గుండూలా చెయ్యి తిరిగిన మనిషి. పీపాల సంగతి మాత్రం అతను చెప్తుంటే విన్నదే. పైగా నవంబరు నుంచి ఆమె కిందికి వెళ్ళేదే తక్కువ. వెళ్ళినా పెరటి మెట్ల మీదుగానే. వంటింట్లోంచి నేరుగా కిందికి దిగే మెట్లు వేరే ఉన్నాయి. ఆ మెట్ల గోడకి లోథర్ పనికోటు వేలాడుతోంది. అంత్యక్రియల సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక ఆమె ఆ తలుపు మూసింది. మళ్ళీ తీయలేదు. ఎందుకని అత్తగారు అడగలేదు.

పీపా ఆగిందన్న కబురు రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. మొదట వచ్చింది పక్కింటి వెండెలిన్. లోథర్‌తో నలభై ఏళ్ళు పోటీపడిన మనిషి. ఆ మూడుసార్లలో రెండుసార్లు మొదటి స్థానం ఆయనదే. పీపా చుట్టూ తిరిగాడు, వేలితో కొట్టి చూశాడు, పెదవి విరిచాడు. చక్కెరని తిని రసాన్ని పులియబెట్టే ఈస్ట్, బజార్లో కొన్నది, ఒక పొట్లం కలిపితే వారంలో లేస్తుందన్నాడు. లోథర్ జన్మలో పొట్లం ముట్టలేదని, తోటలోంచి కాయతో వచ్చిన ఈస్ట్ తప్ప ఇంకోటి వాడలేదని గుండూలా గుర్తుచేసింది.

"తెలుసు. అందుకేగా మూడుసార్లు రెండోవాడయ్యాడు" అన్నాడు వెండెలిన్.

పొయ్యి దగ్గర అల్లుకుంటున్న అత్తగారు ఒటీలియా తల ఎత్తింది. ఆవిడకి ఎనభై నాలుగు. "నువ్వు మొదటివాడివైన రెండుసార్లూ న్యాయనిర్ణేత మీ బావమరిదే కదరా" అంది.

వెండెలిన్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి గడిచింది. మార్చిలో గుండూలా కర్రతో పీపా అడుగున పేరుకున్న మడ్డిని కలియబెట్టింది. ఏమీ కాలేదు. మళ్ళీ పరీక్ష చేయించింది. పదిహేను. ఒక్క గ్రామూ దిగలేదు. పగలంతా వాలు మీద తీగలు కట్టేది, సాయంత్రం కిందికి వెళ్ళి గొట్టం వైపు చూసేది. సంఘం పుస్తకంలో అతని చేతిరాత మీద ఎర్రగీత పడటం కళ్ళకు కట్టేది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఒటీలియా బంగాళదుంపలు చెక్కు తీస్తూ విసుక్కుంది.

"ఈ ఏడు వంటిల్లు ఏంటే ఇలా మండిపోతోంది? ఏటా ఈ రోజుల్లో రెండు స్వెట్టర్లు వేసుకుని వండేదాన్ని. ఇప్పుడు జాకెట్టు ఒంటికి అంటుకుపోతోంది."

"కట్టెలు ఎక్కువ పెడుతున్నారేమో అత్తయ్యా."

"ఎప్పుడూ పెట్టేవే పెడుతున్నా. వేడి పోయే దారి లేదు, అంతే. ఆ తలుపు వేసినప్పట్నించీ ఇంతే."

గుండూలా చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది.

ప్రతి శీతాకాలం, ప్రతి ఉదయం కాఫీ దగ్గర లోథర్ ఒక అంకె చెప్పేవాడు. ఊరివాళ్ళు వానా ఎండా చెప్పుకున్నట్టు అతను నేలమాళిగలో వేడి ఎన్ని డిగ్రీలో చెప్పేవాడు. "ఇవాళ పన్నెండు." ఇంకో రోజు, "పన్నెండున్నర." ముప్ఫై ఏళ్ళు విన్న ఆ అంకెని ఆమె ఈ అయిదు నెలల్లో ఒక్కసారీ తలుచుకోలేదు. పెరట్లోంచి పరుగున దిగింది. ఏడో పీపాకి దారం కట్టి వేలాడదీసిన థర్మామీటరు ఉంది. రోజూ దాని పక్కనే నిలబడింది, చూడలేదు. ఇప్పుడు చూసింది. ఏడు.

వంటింటి మెట్లు సరిగ్గా ఏడో పీపా పక్కనే దిగుతాయి. పొయ్యి వేడి ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్ల మీదుగా కిందికి జారి ఈ పీపాని కాస్తూ వచ్చింది. అందుకే అతను ఈ నంబరు రాశాడు. చలికి ఈస్ట్ నిద్రపోయింది. దాన్ని నిద్రపుచ్చింది తనే.

పైకి వచ్చి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఒటీలియా చెక్కు తీయడం ఆపి, దుంపనే చూస్తూ కూర్చుంది. గుండూలా తలుపు తీసింది. కోటు అక్కడే ఉంది. తడిసిన చెక్క వాసన, పొగాకు వాసన. తలుపు వెనక్కి వాలకుండా కింద కట్టెముక్క పెట్టి, మళ్ళీ వచ్చి గిన్నె అందుకుంది.

"చలిగాలి వస్తుందే" అంది ఒటీలియా కాసేపయ్యాక.

"రెండో స్వెట్టరు తెచ్చిస్తాను అత్తయ్యా."

నాలుగో రోజు థర్మామీటరు పది చూపించింది. తొమ్మిదో రోజు ఉదయం ఇద్దరూ రొట్టె తింటుండగా కిందినుంచి ఒక చప్పుడు వచ్చింది. ఒకటే. ఒటీలియాకి కుడిచెవి వినపడదు. ఆవిడ ఎడమచెవి తలుపు వైపు తిప్పి చెయ్యి ఎత్తింది. ఇద్దరూ నమలడం మానేశారు. చాలాసేపటికి రెండోది వచ్చింది.

బుడుక్.

గుండూలా రొట్టె చేత్తోనే పట్టుకుని మెట్లు దిగింది. ఆ కోటు పక్కనుంచే దిగిందని కిందికి చేరాక గాని ఆమెకి తట్టలేదు.

అక్కడినుంచి ఆ ఇంట్లో రోజులు గ్రాముల్లో గడిచాయి. మంగళవారం, శుక్రవారం పరీక్షశాలకి నమూనా వెళ్ళేది. పద్నాలుగు. పదమూడుంపావు. పన్నెండు. ఒటీలియా అల్లిక మానేసి నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెట్టేది. వెండెలిన్ మొదట ఏదో అడగడానికి వచ్చినట్టు వచ్చేవాడు. తర్వాత ఆ సాకు కూడా మానేసి, పొద్దున్నే నేరుగా వంటింట్లోకొచ్చి తలుపు దగ్గర చెవి పెట్టేవాడు. రొట్టెల దుకాణం దగ్గర జనం పందాలు కాస్తున్నారని చెప్పాడు. పుల్లాయన పీపా తొమ్మిదికి దిగుతుందని సగం ఊరు, దిగదని సగం. నువ్వెటువైపు అని ఒటీలియా నిలదీస్తే కప్పు ఎత్తి కాఫీ గటగటా తాగేశాడు.

మే పదహారున పది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ రోజే పెద్ద చిక్కు వచ్చిపడింది. వాన వెలిసి, నది మీదినుంచి చల్లటి గాలి తిరిగింది. పీపా మళ్ళీ నెమ్మదించింది. నిమిషానికి ఎనిమిది బుడగలు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి.

వెండెలిన్ ఆ మధ్యాహ్నం నిలబడే ఒక మాట చెప్పాడు. తన పీపాలో చక్కెర ఒక గ్రాము కూడా లేదు. అందులోంచి కొంత తెచ్చి ఏడో పీపాలో కలిపితే ఇవాళే తొమ్మిది లోపుకి దిగుతుంది. చట్టం ఒప్పుకుంటుంది, సంఘమూ ఒప్పుకుంటుంది.

గుండూలా నిజంగానే ఆలోచించింది. తేలికైన దారి. తప్పు లేని దారి.

"ఇందులో ఉన్నదంతా ఆయన కోసిన పండే వెండెలిన్. ఇంకో ఏడు కోయడు. ఇలాగే దిగితే దిగుతుంది, లేకపోతే లేదు" అంది.

వెండెలిన్ కిటికీలోంచి తన ఇంటివైపు చూశాడు. "వాడు లేకుండా నేను గెలిస్తే ఆ మాట ఎవడికి చెప్పుకోను? వెక్కిరించడానికైనా ఒకడుండాలి కదా" అన్నాడు. ఆ తర్వాత గొంతు మార్చి, "ఆ పొయ్యిలో ఏం తగలేస్తున్నారు మీరు? పుల్లలా? ఉండండి" అని బయటికి నడిచాడు.

అరగంటలో బండెడు ద్రాక్ష మొద్దులు దించాడు. నలభై ఏళ్ళ ముదురు మొద్దులు, రాక్షసిబొగ్గులా కాలేవి. పొయ్యి ఊరికే మండించడం ఒటీలియాకి నచ్చలేదు. మండే పొయ్యిలో ఏదో ఒకటి ఉడకాలి. పిండి కలిపింది. కేకు మీద కేకు మొదలైంది. మొదటి రోజు మూడు, రెండో రోజు అయిదు. గుడ్లు అయిపోతే ఎదురింటివాళ్ళు తెచ్చారు, వెన్న వెనకవీధివాళ్ళు తెచ్చారు. దిగదని పందెం కాసినవాళ్ళు కూడా తమ పిండి తెచ్చి ఇక్కడే కాల్చుకున్నారు. మే నెలలో ఆ వంటింటి కిటికీలు బిగించి, నలుగురు ఆడవాళ్ళూ వెండెలిన్ చెమటలు కక్కుతూ పనిచేశారు. వేడంతా తెరిచిన తలుపులోంచి కిందికి పోతోంది. ఉండబట్టలేక వెండెలిన్ చొక్కా విప్పాడు.

"ఈ వయసులో ఆ అందం మాకెందుకురా, వేసుకో" అంది ఒటీలియా.

పదమూడు. పదమూడున్నర. థర్మామీటరు లోథర్ అంకె దాటిపోయింది. బుడగలు ఆరుకి వచ్చాయి. ఇరవై మూడో తేదీ శుక్రవారం పరీక్షశాల చెప్పిన అంకె తొమ్మిది పాయింట్ మూడు. ఇంకా గ్రాములో మూడు పదోవంతులు దిగాలి. ఉర్బాన్ పండుగ ఆదివారం. మధ్యలో ఇంకో పరీక్షకి వీల్లేదు. శనివారం పదకొండు కేకులు కాల్చారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం వచ్చింది. ముందు అధ్యక్షురాలు హిల్ట్రూడ్ గారు, చంకలో పుస్తకం, వెనక కొలత పెట్టె మోసే గుమాస్తా, ఆ వెనక సగం ఊరు. నేలమాళిగలో చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు, లోథర్ కోటు కింద కూడా. హిల్ట్రూడ్ గారు గాజుగొట్టంతో పీపా నడుములోంచి వైన్ తీసి పరీక్షనాళికలో పోశారు. గుమాస్తా మందుబిళ్ళ వేసి, రంగు మారేదాకా చూసి, రంగుల అట్ట పక్కన పెట్టాడు. అట్ట తిప్పి మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి తీయమన్నాడు. రెండో నాళిక, రెండో బిళ్ళ. గుండూలా పీపా మీద చెయ్యి ఆనించి నిలబడింది. అరచేతి కింద చెక్క వెచ్చగా ఉంది.

"ఎనిమిది పాయింట్ ఎనిమిది" అన్నాడు గుమాస్తా. "రెండుసార్లూ."

మెట్ల మీద ఎవరో ఏడ్చారు. అది వెండెలిన్ అని తర్వాత తెలిసింది. ఆయన మాత్రం పొగ కళ్ళలోకి పోయిందన్నాడు.

హిల్ట్రూడ్ గారు లక్క కరిగించి మూత మీద పోసి ముద్ర గుద్దారు. పుస్తకం తెరిచి, లోథర్ రాసిన ఏడు అంకె మీద ఒకసారి వేలుపెట్టి, గుండూలా వైపు తిప్పారు. ముద్ర పడ్డాక వైన్ చేసినవాళ్ళు సంతకం చేయాలి. ఆయన తరఫున చేయమన్నారు.

"ఆయన తరఫున కాదు, నువ్వూ చేశావు. నీ పేరు రాసుకో" అంది ఒటీలియా పై మెట్టు మీదినుంచి.

గుండూలా అతని పేరు కింద తన పేరు రాసింది.

సెప్టెంబరులో సంఘం హాల్లో, గుడ్డ చుట్టి అంకె అంటించిన సీసాల మధ్య, ఏడుగురు న్యాయనిర్ణేతలు పొద్దున్నించి మధ్యాహ్నందాకా రుచి చూశారు. మొదటి స్థానం వచ్చిన సీసాకి గుడ్డ విప్పినప్పుడు హాల్లో అందరికన్నా ముందు లేచి నిలబడింది వెండెలిన్. ఆయన సీసా రెండోది. పుల్లాయన పేరూ గుండూలా పేరూ కలిపి చదివారు. గుండూలా వేదిక ఎక్కి ఫలకం తీసుకుని, థాంక్స్ అని దిగిపోయింది. ఒటీలియా మాత్రం ఇల్లు చేరేదాకా దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. తెలిసినవాళ్ళకి రెండుసార్లు.

అక్టోబరులో కొత్త రసం ఏడో పీపాలోకి చేరింది. మొదటి చలి పడ్డ సాయంత్రం ఒటీలియా పొయ్యి దగ్గర కూర్చుని కాళ్ళు ముడుచుకుంది.

"ఆ తలుపు వేయవే, చలి ఈడ్చి కొడుతోంది."

"ఇవాళ పన్నెండున్నర అత్తయ్యా" అంది గుండూలా, ఆవిడ భుజాల మీద రెండో స్వెట్టరు కప్పుతూ.