కూర్చుని వాయించేది

స్టూలు మీద రెండు లావుపాటి పుస్తకాలు, వాటి మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద చెల్లో అడుగున ఉండే ఇనప ముల్లు. నిలబడింది. అతనూ దాని వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి కమాను తీగ మీద ఆనించి లాగాడో లేదో, అంత పెద్ద వాయిద్యమూ తప్పతాగినవాడిలా పక్కకి ఒరిగింది. పుస్తకాలు దభీమని నేలమీద పడ్డాయి. పొద్దున్నుంచీ ఇదే తంతు.

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది.

"ఏమండీ, దానికి డాన్సు నేర్పుతున్నారా? కింది వాటాలో వాళ్ళు రెండుసార్లు తలుపు కొట్టి వెళ్ళారు."

"పట్టుకో అంటే పట్టుకోవు గాని, ఎగతాళికి మాత్రం ముందుంటావు."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చెల్లో మెడ పట్టుకుంది. పట్టుకుంటే బాగానే మోగింది. కానీ సాయంత్రం కచేరీలో వేదిక మీదికి భార్యను వెంటేసుకుని పోలేడు కదా!

చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్న. మెడకింద ఇమిడేది కాదు. కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలిపి, ఛాతీకి ఆనించుకుని వాయించాలి. దాన్ని తయారుచేసిన మహానుభావుడు అలాగే చేశాడు. నిలబడి వాయించమనడం వెల్లకిలా పడుకుని మంచినీళ్ళు తాగమన్నట్టే. ఈ సంగతి అతను వాయించే నగర బ్యాండులో అందరికీ తెలుసు. తెలియంది జనానికి.

వారానికోసారి పార్కులో కచేరీ, కచేరీకి ముందు జాతీయగీతం. గీతం మొదలవగానే జనం లేస్తారు, వయొలిన్లవాళ్ళు లేస్తారు, ఫ్లూట్లవాళ్ళు లేస్తారు, ఆఖరికి డ్రమ్ములాయన కూడా తన బొజ్జను ముందుకు నెట్టుకుంటూ లేస్తాడు. వెనక వరసలో ఇతనొక్కడే కూర్చుని ఉంటాడు. పాతికేళ్ళకు పైగా ఇదే జరుగుతున్నా ఎవరూ అతన్ని చూడలేదు. నిజానికి దేనికీ ఎవరూ అతన్ని చూడలేదు. బ్యాండులో కూడా పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అంత పెట్టె మోసుకు తిరుగుతాడని 'పెట్టె' అంటారు, అంతే.

ఈ మధ్య గాలి మారింది. పార్కు గేటు దగ్గర ప్రతివాడి చేతిలో ఓ చిన్న జెండా పెట్టి పంపుతున్నారు. ఊపనివాడి మీద గుడ్లురుముతున్నారు. చేతికి పట్టీలు కట్టుకున్న కార్యకర్తలు వరసల మధ్య తిరుగుతూ ఎవరు నిటారుగా నిలబడ్డారో, ఎవరు ఫోను చూసుకుంటున్నారో కనిపెడుతున్నారు. ఆమధ్య కాలికి కట్టు ఉన్న ఒకాయన లేవలేదని కాలరు పట్టుకుని బయటికి ఈడ్చారు. పోయినవారం ఎవడో పుణ్యాత్ముడు ఇతను కూర్చుని ఉన్న వీడియో తీసి ఊరంతా పంచిపెట్టాడు. బావమరిది కూడా ఫోను చేశాడు. "ఏం బావా, నువ్వు దేశద్రోహివటగా! మాకు చెప్పనేలేదే?" అని నవ్వాడు. తర్వాత అక్కకి విడిగా ఫోను చేసి, కొన్నాళ్ళు ఆయన్ని ఒంటరిగా బయటికి పంపొద్దన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు.

బ్యాండుమాస్టారు నిన్న పిలిచి తేల్చి చెప్పేశారు.

"ఈసారి నువ్వు లేచి నిలబడాల్సిందే. వాయించకపోయినా పర్లేదయ్యా. నిలబడకపోతే మాత్రం వచ్చేవారం నుంచి రాకు. నా చేతిలో ఏమీ లేదు."

రావద్దన్నందుకు కాదు, వాయించకపోయినా పర్లేదన్నందుకు అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది. తక్కిన పాటల్లో అతనిది బరువు మోసే పని. రాగమంతా వయొలిన్లది, చప్పట్లూ వాళ్ళవే. కానీ గీతం మొదట్లో అందరూ ఊపిరి పీల్చుకుని ఆగే చోట ఒకే ఒక మంద్రస్వరం ఉంది. అది అతనొక్కడిదే. దాని మీద కాలు మోపి పాట పైకి లేస్తుంది. ఆ స్వరం పలికినప్పుడల్లా చెక్క అదురుతుంది, చెక్కతోపాటు అతని ఛాతీ అదురుతుంది, ఇన్నేళ్ళయినా ఒళ్ళు ఝల్లుమంటుంది. దేశమంటే తనకెంత ఇష్టమో ఎవరికైనా చెప్పాల్సి వస్తే అతను మాటల కోసం వెతుక్కోడు, ఆ స్వరం వాయిస్తాడు. ఇప్పుడు దాన్నే మానుకొమ్మంటున్నారు.

అందుకే ఈ స్టూలు. మధ్యాహ్నానికి ఓ దారి దొరికింది. పాత రబ్బరు చెప్పు అడుగు కోసి స్టూలు మీద మేకులతో బిగించి, మధ్యలో ముల్లు దిగేటంత గుంట చేశాడు. ఈసారి ఎవరూ పట్టుకోకపోయినా చెల్లో నిలబడింది. గీతం మొదటి చరణమంతా నిలబడే వాయించాడు.

"ఎలా ఉంది?"

"మీరు కొంచెం కొంగలా ఉన్నారు. పాట మాత్రం బానే ఉంది," అంది భార్య. అన్నదే గాని ఆవిడ ముఖంలో నవ్వు లేదు. "ఇదంతా ఎందుకండీ? ఓ నిమిషం చేతులు కట్టుకుని నిలబడి వచ్చేయకూడదూ?"

అతను స్టూలుకి తాడు కట్టుకున్నాడు.

బస్సులో వీపున పెట్టె, చేతిలో స్టూలు. "లోపల మనిషున్నాడా? టిక్కెట్టు కొట్టమంటారా?" అని కండక్టరు ఎప్పటి జోకే వేశాడు. ఎప్పుడూ దానికి నవ్వే అతను ఇవాళ నవ్వలేదు. కాలుగాలిన పిల్లిలా పార్కు వచ్చేదాకా ఆ కిటికీ దగ్గర్నించి ఈ కిటికీ దగ్గరికి జరుగుతూనే ఉన్నాడు.

డ్రమ్ములాయన స్టూలు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఒరేయ్ పెట్టెగా, నీకు పిచ్చిగాని పట్టిందా? ఊరికే నిలబడరా బాబూ. జీతం కోసేదేం లేదుగా!"

"మరి ఆ మొదటి స్వరం?"

"అదెవడికి వినపడుతుందిరా!"

చిన్నప్పటినుంచీ స్నేహితుడు, తిట్టాలని అన్న మాట కాదు. అయినా అతనికి చురుక్కుమంది. తీగలు సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

పొద్దుగుంకే వేళకు పార్కు నిండిపోయింది. ఎటు చూసినా జెండాలే. మాస్టారు కర్ర ఎత్తారు. అందరితోపాటూ అతనూ లేచాడు. ముల్లు రబ్బరు గుంటలో దించి, కమాను ఆనించి, కళ్ళు మూసుకుని లాగాడు. ఆహా! నిండుగా, గుండ్రంగా పలికింది స్వరం. దానిమీదుగా వయొలిన్లు లేచాయి. అతనికి కళ్ళు చెమర్చాయి. నిలబడీ వాయించవచ్చు, మాస్టారి మాటా తన మాటా చెల్లింది అనుకున్నాడు.

ఇంట్లో ఉన్నది గచ్చునేల. వేదిక మీద ఉన్నవి చెక్కపలకలు. ఆ సంగతి అతనికి తట్టనేలేదు. రెండో చరణంలో డ్రమ్ము మోతకి వేదిక అదిరి, స్టూలు కాలొకటి పలకల సందులోకి జారింది. చెల్లో ఒక్కసారిగా ఒరిగిపోతుంటే దాన్ని పట్టుకోబోయి కమానును తీగలకు అడ్డంగా ఈడ్చేశాడు. కీచుమని గాడిద ఓండ్రపెట్టినట్టు ఓ చప్పుడు. మైకు దాన్ని పార్కు చివరిదాకా మోసుకెళ్ళింది.

పాట ఆగింది. ముందు ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఓ మగగొంతు, "గీతాన్ని వెక్కిరిస్తున్నాడ్రా!" అని అరిచింది.

"వీడే! పోయినవారం కూర్చున్నది వీడే!"

నీళ్ళసీసా ఒకటి వచ్చి అతని భుజానికి తగిలింది. నలుగురు కార్యకర్తలు వేదిక ఎక్కేశారు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు.

"నేను నిలబడ్డానండీ," అన్నాడతను. "నిలబడే వాయిద్దామని..."

ఎవరు వింటారు? మాస్టారు మైకు అందుకుని, రెండు చేతులూ జోడించి, పొరపాటైంది క్షమించండి, గీతం మళ్ళీ మొదటినుంచీ వాయిస్తాం, ఇతనూ అందరిలాగే నిటారుగా నిలబడతాడు అని గడగడా చెప్పారు. ఓ కార్యకర్త స్టూలును కాలితో పక్కకి నెట్టాడు. చెల్లోను పక్కవాటుగా నేలమీద పడుకోబెట్టించి, కమాను లాక్కుని, అతని చేతిలో ఓ జెండా పెట్టాడు.

"పైకెత్తి పట్టుకో. అలా... ఇంకాస్త పైకి."

కర్ర మళ్ళీ లేచింది. అందరూ ఊపిరి పీల్చుకుని ఆగారు. అక్కడ అతని స్వరం ఉండాలి. లేదు. ఆ ఖాళీలోంచే వయొలిన్లు ఎలాగో పైకి లేచాయి. జెండా అలాగే ఎత్తి పట్టుకుని అతను జనం ముఖాలు వెతికాడు. ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా, ఏదో తగ్గిందే అని తలెత్తుతారేమోనని. ముందు వరసలో ఒకాయన పరవశించి కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఓ తల్లి పిల్లాడి భుజాలు సరిచేస్తోంది. అందరి గొంతూ కలిసింది. ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

గీతం అయ్యాక చప్పట్లు మిన్నంటాయి. చొక్కా పట్టుకున్నవాడే వచ్చి చెయ్యి కలిపాడు. "చూశారా, ఎంత తేలికో!"

అవును, తేలికే. అతనికి కోపం రాలేదు. భయం కూడా పోయింది. పాతికేళ్ళ బతుకును ఎవరో మెత్తగా పక్కకి జరిపినట్టయింది. అందరూ కూర్చుని స్వరాల కాగితాలు తిప్పుకుంటున్నారు. అతను కూర్చోలేదు.

"నీళ్ళు తాగొస్తా," అన్నాడు డ్రమ్ములాయనతో.

"త్వరగా రా."

వేదిక మెట్లు దిగి, జనరేటరు పక్కనుంచి వెనక గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చాక ఇంటికి ఫోను చేశాడు.

"నిలబడ్డారా?" అంది భార్య, ఫోను ఎత్తుతూనే.

"నిలబడ్డాను."

"అమ్మయ్య! గొడవేం కాలేదుగా?"

"ఏం కాలేదు. వచ్చేస్తున్నా."

"అప్పుడేనా? బస్సులో పెట్టె జాగ్రత్త."

"పెట్టె తేవట్లేదు. అది బ్యాండుది కదా, అక్కడే ఉంటుంది."

"సరే, నెమ్మదిగా రండి," అంది భార్య. అతను బస్సు కోసం చూడకుండా నడక సాగించాడు.

వేదిక మీద రెండో పాట నడుస్తోంది. వెనక వరసలో కుర్చీ ఖాళీగా ఉందని మాస్టారు ఇంకా చూడలేదు. పోతూపోతూ అతను చేతిలోని జెండాను నేలమీద పెట్టడానికి మనసొప్పక, పడుకోబెట్టిన చెల్లో తీగల మధ్య దాని పుల్ల దోపి వెళ్ళాడు. డ్రమ్ము మోగినప్పుడల్లా ఆ తీగలు ఎవరూ ముట్టకుండానే సన్నగా జుమ్మంటున్నాయి, గాలి లేకపోయినా జెండా వణుకుతోంది.